పాత కంప్యూటర్‌లో వెబ్‌సైట్లు తెరుచుకోవట్లేదా? ముందు గడియారం చూడండి

ఫోన్‌లో సైట్లన్నీ వస్తున్నాయి, అదే రౌటర్ మీద ఉన్న పాత డెస్క్‌టాప్‌లో మాత్రం రావట్లేదు. ఇలాంటప్పుడు చాలామంది రౌటర్‌ని ఆపి ఆన్ చేస్తారు, కుదరకపోతే నెట్ ఇచ్చేవాళ్లకి ఫోన్ చేస్తారు. ఫోన్‌లో నెట్ బాగానే నడుస్తున్నప్పుడు లైన్‌ని అనుమానించాల్సిన అవసరం దాదాపు లేదు. లోపం ఆ కంప్యూటర్లోనే ఉంటుంది, పాత యంత్రాల్లో దానికి కారణాలూ కొన్నే. తేదీ తప్పడం, బ్రౌజర్ పాతబడిపోవడం, నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఎప్పటిదో చెత్త మిగిలిపోవడం. కింద చెప్పిన పనులు విండోస్ ఎక్స్‌పీ, విస్టా, 7, 8.1 ఉన్న కంప్యూటర్లకు వర్తిస్తాయి. మెనూల పేర్లు వెర్షన్‌ని బట్టి కొద్దిగా మారతాయి, అంతే.

ఏదీ ముట్టుకోకముందు తెర మీద వచ్చిన మెసేజ్‌ని పూర్తిగా చదవండి. "నెట్ రావట్లేదు" అని తేల్చేస్తే ఎక్కడ వెతకాలో తెలియదు, మెసేజ్ మాత్రం చాలావరకు చోటు చూపిస్తుంది. సర్వర్ దొరకలేదు అంటేనో, అందులో డీఎన్‌ఎస్ అనే మాట ఉంటేనో, పేరుని అడ్రస్‌గా మార్చే దగ్గర తేడా ఉంది. టైమ్‌డ్ అవుట్ అంటే కబురు వెళ్లింది గానీ జవాబు రాలేదు. ప్రాక్సీ సర్వర్ (మీకూ సైట్లకీ మధ్య నిలబడే సర్వర్) స్పందించట్లేదు అంటే సమస్య ఏమిటో అదే చెప్పేసింది. కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు, సర్టిఫికెట్ చెల్లదు అని వస్తే తేదీ, రూట్ సర్టిఫికెట్ (సైట్ల సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనది), యాంటీవైరస్, ఈ మూడింటిలో ఒకటి. వెర్షన్ ఆర్ సైఫర్ మిస్‌మ్యాచ్ అన్నా, సెక్యూర్ కనెక్షన్ ఫెయిల్డ్ అన్నా బ్రౌజర్ వయసు అయిపోయిందని. పేజీ వచ్చి బటన్లు నొక్కినా కదలకపోతే అదీ బ్రౌజర్ తప్పే, నెట్‌ది కాదు.

ఇంకో చిన్న పరీక్ష. అడ్రస్ బార్‌లో నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ కొట్టి చూడండి, ముందు ఎస్ లేని హెచ్‌టీటీపీ ఉండేలా. ఆ సైట్ కావాలనే తాళం లేకుండా నడుస్తుంది. అది తెరుచుకుని మిగతావన్నీ మొరాయిస్తే లైన్, రౌటర్, కేబుల్, డీఎన్‌ఎస్ అన్నీ బాగున్నట్టే. మీరు చూడాల్సింది గడియారం, బ్రౌజర్, సర్టిఫికెట్లు మాత్రమే.

గడియారం, దాని వెనక ఉన్న బ్యాటరీ

ప్రతి సురక్షిత సైట్‌కీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని రాసి ఉంటుంది. బ్రౌజర్ ఆ తేదీలను మీ కంప్యూటర్ గడియారంతో పోల్చుకుంటుంది. కంప్యూటర్ తనకు తాను 2009లో ఉన్నాననుకుంటే ఈనాటి సర్టిఫికెట్లన్నీ దానికి "ఇంకా మొదలుకాని"వే. గడియారం ఒక నెల మాత్రమే వెనకబడితే వ్యవహారం ఇంకా చిక్కుగా ఉంటుంది. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాటిని చాలాకాలంగా 90 రోజుల గడువుతో ఇస్తోంది. కాబట్టి ఈ నెలలో కొత్త సర్టిఫికెట్ తీసుకున్న సైట్లు ఆగిపోతాయి, పాతదాని మీద నడుస్తున్నవి తెరుచుకుంటాయి. కొన్ని సైట్లు వచ్చి కొన్ని రాకపోతే లోపం ఆ సైట్లదే అనిపిస్తుంది, అసలు దోషి మాత్రం మూలనున్న గడియారం.

తేదీ, నెల, సంవత్సరం, ఏఎం పీఎం, టైమ్ జోన్ ఈ ఐదూ చూడండి. టైమ్ జోన్‌ని ఎవరూ పట్టించుకోరు. గంట ముల్లు సరిగ్గానే ఉన్నా జోన్ తప్పితే లోపల లెక్క కొన్ని గంటలు తేడా వస్తుంది.

తేదీని చేత్తో సరిచేశాక తేదీ సమయం విండోలో ఇంటర్నెట్ టైమ్ ట్యాబ్‌లోకి వెళ్లి అప్‌డేట్ నౌ నొక్కండి. ఈ వరుస ముఖ్యం. ఇళ్లలో వాడే విండోస్ మామూలు సెట్టింగ్‌లో గడియారం 15 గంటలకు మించి తప్పితే ఇంటర్నెట్ నుంచి తనంతట తాను సరిచేసుకోదు. సంవత్సరాల తేడాతో ఉన్న గడియారానికి ఆటోమేటిక్ టిక్ ఉన్నా పని జరగనిది ఇందుకే. అక్కడున్న టైమ్ సర్వర్ పలకకపోతే పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్ అని మార్చి మళ్లీ నొక్కండి.

మర్నాడు ఆన్ చేసేసరికి తేదీ మళ్లీ వెనక్కి పోయిందంటే మదర్‌బోర్డు మీద ఉన్న నాణెం బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని దాని మీదే రాసి ఉంటుంది, 3 వోల్టులది. కంప్యూటర్‌కి కరెంటు ప్లగ్గులో ఉన్నంతసేపూ గడియారానికి పవర్ సప్లై నుంచే కరెంటు అందుతుంది. గోడ స్విచ్ ఆపినప్పుడే బ్యాటరీ మీద భారం పడుతుంది. అందుకని రోజూ గోడ దగ్గర స్విచ్ ఆపే ఇళ్లలో ఈ లోపం ముందు బయటపడుతుంది.

బ్యాటరీ మార్చేముందు ఒక జాగ్రత్త. బ్యాటరీ తీస్తే బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు చాలా బోర్డుల్లో మొదటికి వస్తాయి. ముందుగా బయోస్‌లోకి వెళ్లి ఒక్కో పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, సాటా మోడ్ (బోర్డు హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఐడీఈ అని ఉందా, ఏహెచ్‌సీఐ అని ఉందా అన్నది. ఇది మారితే విండోస్ మొదలవుతూనే నీలం తెర వస్తుంది, కోడ్ చివర 7బి అని కనిపిస్తుంది. హార్డ్ డిస్క్ పోయిందని కంగారు పడకుండా ఫోటో చూసి పాత మోడ్ పెడితే మళ్లీ లేస్తుంది.

ఇక మార్చడం. పవర్ కేబుల్ పూర్తిగా పీకేయండి. పవర్ బటన్‌ని ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుము భాగాన్ని ఒకసారి తాకండి. బ్యాటరీ పక్కనున్న చిన్న క్లిప్‌ని గోటితోనో, ప్లాస్టిక్ పుల్లతోనో నెడితే అది పైకి లేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో తన్నకండి, కింద ఉన్న సన్నటి ట్రాకులు తెగితే బోర్డే పోతుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి కనిపించేలా పెట్టాలి. మల్టీమీటర్ ఉంటే పాతదాన్ని కొలవండి, 2.8 వోల్టుల కన్నా తగ్గితే మార్చేయడమే మేలు. ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ బ్యాటరీ వైర్లతో, చిన్న కనెక్టర్‌తో వస్తుంది. విప్పడం అలవాటు లేనివాళ్లు రిపేర్ చేసేవాళ్లకి ఇవ్వడం మంచిది.

ఐపీ అడ్రస్ నుంచి సైట్ పేరు దాకా

ఏ సైటూ తెరుచుకోకపోతే, నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ కూడా రాకపోతే, కమాండ్ ప్రాంప్ట్‌లోకి దిగాలి. స్టార్ట్ మెనూలో రన్ తెరిచి సీ, ఎం, డీ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల విండో వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని మధ్యలో స్పేస్ లేకుండా కొట్టండి. రెండు సంఖ్యలు చూడాలి, ఐపీవీ4 అడ్రస్ (ఈ కంప్యూటర్‌ది), డిఫాల్ట్ గేట్‌వే (రౌటర్‌ది). ఎక్స్‌పీలో మొదటిది ఐపీ అడ్రస్ అని మాత్రమే ఉంటుంది.

అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదు, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుంది అని అర్థం. ముందు కేబుల్ చూడండి. వెనక ల్యాన్ పోర్టు దగ్గర లైటు వెలగాలి. కేబుల్ చివర ప్లాస్టిక్ నాలుక విరిగి ఉంటే పైకి బిగుసుకున్నట్టే కనిపించి లోపల వదులుగా ఉంటుంది. రౌటర్‌లో వేరే పోర్టుకి మార్చి చూడండి, వీలైతే వేరే కేబుల్ పెట్టి చూడండి.

అడ్రస్ మామూలుగానే ఉండి గేట్‌వేతో పొంతన లేకపోతే అది వేరే కథ. రౌటర్ మార్చిన ఇళ్లలో ఇది తరచూ జరుగుతుంది. పాత రౌటర్ 192.168.0.1 అనుకోండి, అప్పట్లో ఎవరో కంప్యూటర్‌కి చేత్తో 192.168.0.10 అని పెట్టి ఉంటారు. కొత్త రౌటర్ 192.168.1.1. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టరు. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్లు తెరిచి, వాడుతున్న కనెక్షన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్లండి. అందులో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 మీద డబుల్ క్లిక్ చేసి రెండుచోట్లా ఆటోమేటిక్ అనేదానికి చుక్క పెట్టండి.

తర్వాత పింగ్, అంటే అవతలివాళ్లని పలకరించి జవాబు వస్తుందో లేదో చూడటం. పింగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, గేట్‌వే అంకెలు వేసి ఎంటర్. నాలుగు జవాబులు రావాలి. వస్తే అదే పద్ధతిలో 8.8.8.8కి పింగ్ చేయండి. గేట్‌వే పలికి ఇది పలకకపోతే అడ్డు రౌటర్ దగ్గరుంది, లేదంటే దానికి అవతల. ఫోన్‌లో నెట్ ఉండి కంప్యూటర్‌కి మాత్రం అలా అయితే రౌటర్‌లో పేరెంటల్ కంట్రోల్‌గానీ, మ్యాక్ ఫిల్టర్‌గానీ (ఫలానా పరికరాలనే రానిచ్చే సెట్టింగ్) పెట్టి ఉన్నారేమో చూడండి. మూడోసారి ఏదైనా సైట్ పేరుతో పింగ్ చేయండి. ఇక్కడ జవాబులు వచ్చాయా లేదా అన్నది పెద్ద విషయం కాదు, పింగ్‌కి బదులివ్వని సైట్లు చాలా ఉన్నాయి. ఆ పేరు పక్కన బ్రాకెట్‌లో అంకెల అడ్రస్ కనిపించిందా అన్నదే చూడాలి. కనిపించకపోతే డీఎన్‌ఎస్ పనిచేయట్లేదు.

డీఎన్‌ఎస్‌ని ఇందాకటి ప్రాపర్టీస్ విండోలోనే మార్చవచ్చు. డీఎన్‌ఎస్ భాగంలో ఆటోమేటిక్ దగ్గరున్న చుక్కని దాని కిందిదానికి మార్చి, మొదటి గడిలో 8.8.8.8, రెండో గడిలో 1.1.1.1 వేసి ఓకే చేయండి. ఆ తర్వాత నల్ల విండోలో ఐపీకాన్ఫిగ్, స్పేస్, ముందుకు వాలిన గీత, వెంటనే ఫ్లష్‌డీఎన్‌ఎస్ అని కొడితే పాత జవాబుల జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది. అప్పటికీ ఒకటి రెండు సైట్లు మాత్రమే రాకపోతే హోస్ట్స్ ఫైల్ చూడండి. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో ఈటీసీ. హోస్ట్స్ అనే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌తో, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసలు వట్టి వివరణలు, వాటితో పని లేదు. మిగతా వరుసల్లో మీకు రాని సైట్ పేరు కనిపిస్తే ఆ వరుస తీసేయండి. వైరస్‌లు ముఖ్యంగా యాంటీవైరస్ కంపెనీల సైట్లని ఇలా అడ్డుకుంటాయి.

పింగ్ అంతా సవ్యంగా ఉండి బ్రౌజర్‌లో ఏమీ రాకపోతే ప్రాక్సీ. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో కనెక్షన్స్ ట్యాబ్, కింద ల్యాన్ సెట్టింగ్స్. ప్రాక్సీ దగ్గర టిక్ ఉంటే తీసేయండి, ఇంట్లో కంప్యూటర్‌కి దాంతో పని ఉండదు. అక్కడ 127.0.0.1 (అంటే ఈ కంప్యూటరే) అని ఉంటే ఏదో ప్రోగ్రామ్ మీ ట్రాఫిక్‌ని తన గుండా మళ్లించుకుంటోంది. అది తీసేసిన వైరస్సే అయినా సెట్టింగ్ మాత్రం మిగిలిపోతుంది. టిక్ తీసినా మళ్లీ వచ్చి కూర్చుంటే ఆ ప్రోగ్రామ్ ఇంకా బతికే ఉందని లెక్క. ముందు దాన్ని వదిలించుకోవాలి.

ఇవన్నీ అయ్యాక కూడా కదలకపోతే, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్, విన్‌సాక్, రీసెట్ అనే మూడు మాటలు స్పేస్‌లతో కొట్టి కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయండి, విండోస్ నెట్‌వర్క్ భాగం మొదటికి వస్తుంది. ఎక్స్‌పీలో అయితే సర్వీస్ ప్యాక్ 2 ఉండాలి. దీన్ని మొదటే వాడేయమని చాలామంది చెబుతారు గానీ, కొన్ని వీపీఎన్, యాంటీవైరస్ ప్రోగ్రాములు దీని తర్వాత మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వస్తుంది. అందుకే ఇది ఆఖర్న.

బ్రౌజర్ వయసు

సైట్‌కీ బ్రౌజర్‌కీ మధ్య రహస్య భాష టీఎల్‌ఎస్. 1.0 వెర్షన్ 1999లో, 1.2 వెర్షన్ 2008లో, 1.3 వెర్షన్ 2018లో వచ్చాయి. 2020లో పెద్ద బ్రౌజర్లన్నీ 1.0, 1.1లను వదిలేశాయి, సైట్లు కూడా ఆ తలుపులు మూసేస్తూ వచ్చాయి. ఎక్స్‌పీలో విండోస్‌తో వచ్చే టీఎల్‌ఎస్ 1.0 దగ్గరే ఆగిపోయింది. కాబట్టి అందులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు.

విండోస్ 7 సంగతి వేరు. అందులో 1.2 ఉంది, కానీ ఎక్స్‌ప్లోరర్ 8, 9, 10లలో ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటర్నెట్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్, జాబితా చివర్లో సెక్యూరిటీ భాగం. అక్కడ యూజ్ టీఎల్‌ఎస్ 1.2 దగ్గర టిక్ పెట్టి, ఎస్‌ఎస్‌ఎల్ (టీఎల్‌ఎస్‌కి ముందున్నది) 2.0, 3.0 దగ్గర తీసేయండి. ఈ టిక్కు ఎక్స్‌ప్లోరర్‌కీ, విండోస్ మీద ఆధారపడే కొన్ని ప్రోగ్రాములకే వర్తిస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ తమ టీఎల్‌ఎస్‌ని తామే తెచ్చుకుంటాయి.

పాత విండోస్‌లో ఏ బ్రౌజర్ ఎక్కడ ఆగిందో తెలుసుకుంటే వెతుకులాట తగ్గుతుంది. ఎక్స్‌పీ, విస్టాలకు క్రోమ్ 49, ఫైర్‌ఫాక్స్ 52 ఈఎస్‌ఆర్ (ఎక్కువకాలం అప్‌డేట్లు ఇచ్చే రకం) చివరివి. విండోస్ 7, 8, 8.1లకు క్రోమ్ 109, ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్. రెండు జతల్లోనూ ఫైర్‌ఫాక్స్‌నే ఎంచుకోమంటాం. కారణం సర్టిఫికెట్లు. ఎక్స్‌పీలో క్రోమ్ 49 నమ్మకమైన రూట్ సర్టిఫికెట్ల జాబితాను విండోస్ నుంచి తీసుకుంటుంది, ఆ జాబితా ఏళ్ల కిందట ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్‌కి సొంత జాబితా ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ 115లో అయినా 115.13 కన్నా పాతది ఉంటే అప్‌డేట్ చేయండి. 2025 మార్చి 14న ఒక రూట్ సర్టిఫికెట్ గడువు తీరడంతో అంతకు ముందు వెర్షన్లలో యాడ్-ఆన్‌లు దెబ్బతిన్నాయి.

ప్రాసెసర్‌కీ ఒక గీత ఉంది. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ 49 నుంచి ఎస్‌ఎస్‌ఈ2 అనే ప్రాసెసర్ ఆదేశాలు తప్పనిసరి. పెంటియం 3లోనూ, అథ్లాన్ ఎక్స్‌పీలోనూ అవి లేవు, పెంటియం 4లో ఉన్నాయి. అలాంటి పాత చిప్ ఉంటే ఫైర్‌ఫాక్స్ 52 ఇన్‌స్టాల్ కూడా కాదు, అక్కడితో ఆశ వదులుకోవచ్చు.

రూట్ సర్టిఫికెట్, యాంటీవైరస్

2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే రూట్ సర్టిఫికెట్ గడువు ముగిసింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు వాడే సైట్లు ఆ రోజు నుంచి చాలా పాత యంత్రాల్లో ఆగిపోయాయి. దాని స్థానంలో వచ్చింది ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1. తేదీ సరిగ్గా ఉన్నా సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంటే, హెచ్చరికలోనే సర్టిఫికెట్ వివరాలు తెరిచి ఎవరు జారీ చేశారో చూడండి.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ పేరుంటే, వేరే కంప్యూటర్‌లో ఆ సంస్థ సొంత సైట్ నుంచి ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 ఫైల్‌ని దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ఫైల్‌ని తెరిచి ఇన్‌స్టాల్ నొక్కాక, ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు ఆటోమేటిక్ వదిలేసి ట్రస్టెడ్ రూట్ అనే ఫోల్డర్‌ని మీరే ఎంచుకోవాలి. చాలామందికి పని జరగనిది ఇక్కడే. సర్టిఫికెట్ మీద గడువు 2035 జూన్ 4 అని ఉండాలి. ఎవరో పంపిన రూట్ సర్టిఫికెట్‌ని మాత్రం ఎప్పుడూ ఎక్కించకండి. ఎక్కిస్తే అది పంపినవాడికి మీ సైట్లన్నిటి తాళాలూ చేతికిచ్చినట్టే.

జారీచేసినవారి చోట మీ యాంటీవైరస్ పేరు కనిపిస్తే, అది మధ్యలో దూరి ట్రాఫిక్‌ని తనిఖీ చేస్తోంది. చందా అయిపోయి అప్‌డేట్లు ఆగిన యాంటీవైరస్‌లలో ఈ భాగమే ముందు పాడవుతుంది. దాని సెట్టింగుల్లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఆపి చూడండి. సైట్లు వచ్చేస్తే, ఆ కంపెనీ ఇచ్చే తొలగింపు టూల్‌తో దాన్ని పూర్తిగా తీసేయండి.

హెచ్చరికను పట్టించుకోకుండా "అయినా సరే వెళ్తాను" అని నొక్కడం అలవాటు చేసుకోకండి. వార్తలు చదివే సైట్‌కి ఒకసారి అలా వెళ్తే పోయేదేమీ ఉండకపోవచ్చు. పాస్‌వర్డ్ అడిగే ఏ సైట్‌కీ అలా వెళ్లకూడదు.

సగంలో ఆగిపోయే సైట్లు, పాత వైఫై

కొన్ని సైట్లు చక్కగా వచ్చి, మరికొన్ని తెల్ల పేజీ దగ్గర తిరుగుతూ ఉండిపోతే ఎంటీయూ, అంటే లైన్ మోయగల అతిపెద్ద ప్యాకెట్ సైజు కొలవండి. పింగ్, హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్, 1472, 1.1.1.1. ఒక్కోదాని మధ్య ఒక స్పేస్. 1472కి 28 బైట్ల హెడర్ కలిస్తే 1500, అది మామూలు ఈథర్‌నెట్ హద్దు. ప్యాకెట్‌ని ముక్కలు చేయాలి అన్న మెసేజ్ వస్తే 1464తో ప్రయత్నించండి. అది వెళ్తే మీ లైన్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) రకం, ఎంటీయూ 1492 ఉండాలి. ఆ అంకెను రౌటర్‌లోని వ్యాన్ (బయటి లైన్) పేజీలో వేస్తే ఇంట్లో అన్ని పరికరాలకీ సరిపోతుంది.

పాత వైఫై కార్డుల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే కనిపిస్తుంది. రౌటర్ 5 మీద మాత్రమే ఉంటే జాబితాలో పేరే రాదు. పేరు వచ్చి పాస్‌వర్డ్ సరైనదైనా కలవకపోతే రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మీద ఒక్కదాని మీదే ఉందేమో చూసి, డబ్ల్యూపీఏ2ని కూడా అనుమతించేలా మార్చండి. ఎక్స్‌పీకి డబ్ల్యూపీఏ2 కావాలంటే సర్వీస్ ప్యాక్ 3 వేసుకోవడం తేలిక దారి. ఇంత తంటా ఎందుకనుకుంటే, రౌటర్ నుంచి కంప్యూటర్‌కి ల్యాన్ కేబుల్ వేసేస్తే సరిపోతుంది.

విండోస్ తప్పో కాదో తేల్చుకోవడం

ఎంతకీ తేలకపోతే లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్ మంచి పరీక్ష. లినక్స్ విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, లైవ్ అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లుబుంటు లాంటి తేలికపాటిది వేరే కంప్యూటర్‌లో రాసుకుని, దాంతో పాత యంత్రాన్ని మొదలుపెట్టండి. బూట్ మెనూ కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్8, ఎస్కేప్ లాంటివాటిలో ఏదో ఒకటి. ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అనేది ఎంచుకుంటే హార్డ్ డిస్క్ జోలికి పోదు. తేదీ మాత్రం ఇదీ బయోస్ నుంచే తీసుకుంటుంది, కాబట్టి గడియారం ముందే సరిచేసి ఉండాలి. అందులో సైట్లన్నీ వస్తే కార్డు, కేబుల్, రౌటర్ బాగున్నాయి, లోపం విండోస్‌లో ఉంది. అందులోనూ రాకపోతే నెట్‌వర్క్ కార్డు మార్చి చూడండి. యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ దానికి సులువైన ప్రత్యామ్నాయం.

లుబుంటుకి 64 బిట్ ప్రాసెసర్ కావాలి, కోర్ 2 డ్యుయో నుంచి ఇబ్బంది లేదు. 32 బిట్ యంత్రాలకు డెబియన్ 12 అనే ఇంకో లినక్స్ దొరుకుతుంది, 2025లో వచ్చిన డెబియన్ 13లో మాత్రం వాటికి ఇన్‌స్టాలర్ లేదు. 2 జీబీ ర్యామ్ ఉంటే ఒకటి రెండు ట్యాబ్‌లతో నెట్టుకురావచ్చు.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పైన చెప్పినవన్నీ చేసి సైట్లు తెప్పించుకున్నా, బ్యాంకు లావాదేవీలు ఆ విండోస్ మీద చేయకండి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి అందులోని ఫైర్‌ఫాక్స్‌లో చేసుకోవచ్చు. లినక్స్‌ని శాశ్వతంగా ఎక్కించే ఆలోచన ఉంటే, అదే లైవ్ తెర మీద నుంచి మీ ఫోటోలు, డాక్యుమెంట్లు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, అవి వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే ఇన్‌స్టాల్ బటన్ నొక్కండి.